అడగకుండా పోసిన బాప్తిస్మం

మా ఆయన మంచివాడని నాకెవరూ చెప్పనక్కరలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మైదుకూరులో ప్రతివాడూ అదే మాట చెప్పి నా ప్రాణం తీస్తున్నాడు. మంచివాడైతే సరిపోతుందా? మంచితనంతోనే పరలోకం దొరికేటట్లయితే క్రీస్తు సిలువ ఎందుకెక్కాలి? ఈ మాట ఆయనతో అంటే, "అదీ నిజమేలే" అని తలూపి మళ్ళీ తన పనిలో పడేవాడు. కాదని వాదించేవాడితో వేగవచ్చు. ఔనని తలూపి తన దారిన తాను పోయేవాడితో కాపురం చేసినవాళ్ళకే నా బాధ తెలుస్తుంది.

ఆయన పేరు ఓబుళేశు. పుట్టింది అహోబిలం నరసింహస్వామిని కొలిచే ఇంట్లో, పేరు కూడా ఆ స్వామిదే. పని ఇళ్ళకు నాపరాళ్ళు పరవడం. నేను జ్ఞానమణి, మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. తాతల కాలం నుంచి మేము క్రైస్తవులం. మా నాన్న కట్టిన ఇంటికి బండలు పరవడానికి వచ్చి, నాలుగు రోజుల పని పన్నెండు రోజులు చేశాడీ మనిషి. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. మా నాన్నకు అంతకంటే ముందే అర్థమైంది. "బాప్తిస్మం తీసుకో, పిల్లనిస్తా" అన్నాడు. "పిల్లనియ్యండి సామీ, అది తర్వాత చూస్తాం" అన్నాడీయన. చివరికి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. నాన్న రెండేళ్ళు మాతో మాట్లాడలేదు. చర్చి నేల పగిలిపోతే ఈయన వెళ్ళి, కూలి మాటెత్తకుండా, కొత్త బండలు పరిచి వచ్చాకే ఆయన నోరు విప్పాడు.

పోనీ చర్చికి రాని మనిషా అంటే, నాకంటే ముందు తయారయ్యేవాడు. ఆదివారం గంట కొడితే చాలు, ఉతికిన పంచె కట్టుకుని చివరి బెంచీలో గోడవారగా కూర్చునేవాడు. పాటలు నాకంటే గట్టిగా పాడేవాడు. శుభ శుక్రవారం నాడు పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. క్రిస్‌మస్‌కు చర్చి మీద నక్షత్రం కట్టేది ఆయనే. కానీ ప్రభు భోజనం ఇచ్చేవేళకు అందరూ లేచి ముందుకు పోతే, ఆయన మాత్రం చేతులు కట్టుకుని అక్కడే ఉండేవాడు. బాప్తిస్మం లేనివాడికి రొట్టె లేదు కదా!

మా చర్చికి మూడు నాలుగేళ్ళకొక పాస్టరు మారుతాడు. వచ్చిన ప్రతి పాస్టరూ ఈయన మీద పడేవాడు. ఒకరితో, "వానలు పడనీండి అయ్యగారూ" అన్నాడు. ఇంకొకరితో, "మా సుప్రజ పెండ్లి కానీండి" అన్నాడు. వానలు పడ్డాయి. మా అమ్మాయి సుప్రజ పెళ్ళయి కడపలో కాపురం చేసుకుంటోంది, మనవడు బడికి కూడా పోతున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినా కాస్త తడుస్తుంది. ఈయనకు అదీ లేదు.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకున్న భయం నాది. ఈయన ఇట్లాగే పోతే, రేపు నేను ఒక్కదాన్నే అక్కడికి చేరితే, ఆ పరలోకంలో ఈయన లేకుండా నేనేం చేయాలి? ఈ ఒక్క ప్రశ్నతో ముప్పై ఏడేళ్ళు మోకాళ్ళు అరిగేటట్లు ప్రార్థన చేశాను.

పోయిన ఎండాకాలం ఆయనకు గుండెపోటు వచ్చింది. కడప ఆసుపత్రికి తీసుకుపోయేసరికి స్పృహ లేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "పరిస్థితి బాగలేదమ్మా, ఎవరికైనా చెప్పుకోవాలంటే చెప్పుకోండి" అన్నాడు. నేను చెప్పుకోవాల్సింది ఒక్కరికే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పాస్టరు దగ్గర లేకపోతే, సంఘంలో ఎవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చని మా చర్చిలో నియమం ఉంది. స్టీలు గ్లాసులో నీళ్ళు తీసుకున్నాను.

"అమ్మా, ఏం చేస్తాండావు? నాయన్ను అడగాల గదా!" అంది సుప్రజ.

"అడగాలంటే లేవాల గదే మీ నాయన!" అని అరిచాను.

తండ్రి పేరునా, కుమారుని పేరునా, పరిశుద్ధాత్మ పేరునా మూడుసార్లు తలమీద నీళ్ళు చల్లాను. శాంతి అనే అర్థంలో సమాధానం అని కొత్త పేరు కూడా పెట్టాను. దిండు తడిసిందని నర్సు వచ్చి చీవాట్లు పెట్టింది. పెట్టనీ అనుకున్నాను. ఎన్నేళ్ళ బరువో దిగిపోయినట్లయింది. వరండాలో కూర్చుని హాయిగా ఏడ్చాను.

ఏం చెప్పేది, మనిషి బతికాడు! అయిదో రోజుకు మజ్జిగన్నం అడిగాడు. చెప్పాలనే అనుకున్నాను. గుండె జబ్బు మనిషికి ఇప్పుడెందుకులే అని ఒకరోజు, నిద్రపోతున్నాడులే అని ఒకరోజు దాటవేశాను. ఆయన చెప్పిన సాకులకంటే నావేమీ గొప్పవి కావు. పాస్టరు ఆనందం గారికి మాత్రం ఆగలేక చెప్పేశాను. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, పొంగిపోయి చర్చి రిజిస్టరులో రాసేశాడు.

ఈయన కోలుకుని మొదటిసారి చర్చికి వచ్చిన ఆదివారం నేను పడ్డ భయం పైవాడికే తెలుసు. ప్రభు భోజనం వేళ పాస్టరు రొట్టె పట్టుకుని నేరుగా చివరి బెంచీ దాకా నడిచి వచ్చాడు. "సహోదరుడు సమాధానం గారూ, తీసుకోండి" అన్నాడు. జనమంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు.

ఈయన అటూ ఇటూ చూసి, "సమాధానం ఎవురప్పా?" అన్నాడు.

పాస్టరు నావైపు చూశాడు. ఈయన కూడా నావైపు చూశాడు. నేను ఈయన పరిచిన బండలవైపు చూశాను. అంతే, అర్థమైపోయింది ఆ మనిషికి. లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన కేకలు వేయడు, అదే నాకు మంట.

"నన్నడిగినావా?" అన్నాడు.

"తెలివి ఉంటే అడగనా? పోతాండావయ్యా నువ్వు! నా కండ్లముందరే పోతాండావు!"

"పోయేవాని నోట్లో నీళ్ళు పోస్తారు గానీ, పేరు మారుస్తారా ఎవురన్నా?"

"నీ మంచికే చేసినా."

"కాదు, వద్దు అనే హక్కు దేవుడే మనిషికి ఇచ్చినాడని మీ అయ్యగార్లే గదా చెప్పేది? ఇచ్చిన ఆయప్పే లాక్కోలేదు. నువ్వు లాక్కుంటివి. ఆయప్పకంటే పెద్దదానివైతివా టీచరమ్మా?"

"ఉగ్గాని చల్లారిపోతాంది, లేచి తిను" అన్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలు చర్చి గడప తొక్కలేదు. ఆదివారం గంట మోగేసరికి లోపలికి పోయి తలుపు వేసుకునేవాడు. నీళ్ళు పోసి మనిషిని సంఘంలో చేర్చాననుకున్నాను, ఉన్న బెంచీ మీదనుంచి కూడా లేపేశాను. నా తెలివి తెల్లారినట్లే ఉంది!

పాస్టరు దగ్గరికి పోయి ఆ రాసింది కొట్టేయమన్నాను.

"ఒకసారి ఇచ్చిన బాప్తిస్మం కొట్టేసేదానికి లేదమ్మా. రక్షణ దేవుని కృప" అన్నాడు.

"కృప దేవునిదే అయ్యగారూ, నీళ్ళు నావి. మనిషి ఒప్పుకోకుండా అది రక్షణ ఎట్లయితాది?"

"మరి పసిబిడ్డలకు ఇస్తాం గదమ్మా, వాళ్ళు ఒప్పుకుంటాండారా?"

లేచి వచ్చేశాను. నాకూ మూడో నెలలోనే పోశారు, నన్నూ ఎవరూ అడగలేదు. కానీ నేనెప్పుడూ వద్దనలేదు. ఈయన ఏళ్ళ తరబడి ఆలోచించి మరీ వద్దంటున్నాడు. రెండూ ఒకటెట్లా అవుతాయి? ఈ మాట చర్చి గేటు దాటాక తట్టింది. తట్టవలసినప్పుడు ఏదీ తట్టదు కదా!

మా చర్చిలో నెలకొక ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. జబ్బు తగ్గిందనో, పిల్లాడికి ఉద్యోగం వచ్చిందనో లేచి నిలబడి దేవుణ్ణి స్తుతించడం వాడుక. ఆ ఆదివారం నేను లేచాను. "నేను తప్పు చేసినాను" అన్నాను. "నా భర్త తెలివిలో లేనప్పుడు, ఆయన ఇష్టమేందో అడగకుండా నీళ్ళు పోసినాను. ఆయన పేరు సమాధానం కాదు, ఓబుళేశు. దేవుడు నన్ను క్షమించాల, ఆయన కూడా క్షమించాల." ఊరందరి పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పిన టీచరును, ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నాను. పండుగ నెలని చర్చి పైన మైకు కట్టి ఉన్న సంగతి కూర్చున్నాకగానీ గుర్తు రాలేదు.

మా వీధి మలుపులోనే పక్కింటి గంగక్క ఎదురైంది. "అంతా ఇనపడిందిలే జ్ఞానమ్మక్కా. మీ ఆయప్ప అరుగు మీదనే ఉండాడు" అంది.

ఉన్నాడు. ఈసారి కేకలే వేశాడు. "ఎవురు చెప్పమన్నారే నిన్ను? నాకోసం నువ్వు అంతమందిలో తలొంచుకోవాల్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీళ్ళు పోస్తే తప్పు, తప్పని చెప్తే ఇంకా తప్పు! ఏం చేసి చావాలయ్యా నేను? ఇన్నేండ్ల నుంచి అడుగుతాండా. నీకు నమ్మకం లేదా? లేకపోతే లేదని చెప్పు, ఒక్కసారే ఏడ్చి ఊరుకుంటా!"

భుజం మీది తుండుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "నమ్మకముండాది" అన్నాడు.

"మరి?"

"నువ్వు పోతావని చర్చికొచ్చినా. నువ్వు పాడతావని పాడినా. నువ్వు పస్తుంటే నాకు ముద్ద దిగక నేనూ పస్తున్నా. నువ్వు యాడికి పోతే ఆడికి రావాలని నాకూ ఉండాది. అయితే అదంతా నీకోసమే గదా! ఆయప్ప కోసమని ఒక్కటన్నా చేసినానా అని చూసుకుంటాండా, తెలుస్తాలేదు. నీకోసం తలమీద నీళ్ళు పోసుకుంటే అది బాప్తిస్మం ఎట్లయితాదే? పెండ్లికొడుకు స్నానమైతాది. ఆయప్పను మోసం చేసినట్లు గాదూ?"

అరుగు రెండో కొసన కూలబడ్డాను. పెళ్ళయిన నాటి నుంచి ఆ నోట ఒక్క మంచిమాట వినాలని చూశాను, వచ్చిన తీరు చూడండి! ఏడుపొచ్చింది. కోపంతోనే ఏడ్చాను.

"ఎప్పటికి తెలుస్తాదయ్యా నీకు?" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"నువ్వుండంగ తెలీదు. నువ్వు లేనప్పుడు గూడా గంట కొడితే నా కాళ్ళు అటు పోతే, అప్పుడు తెలుస్తాది" అన్నాడు. ఏమాత్రం తడుముకోకుండా అన్నాడు.

అంటే ఈ మనిషికి రక్షణ కావాలంటే ముందు నేను చావాలి! బాప్తిస్మం లేకుండా ఈయన్ను నాకంటే ముందు తీసుకుపోవద్దని ఇన్నేళ్ళూ దేవుణ్ణి పీడించాను. దేవుడు విన్నాడు కూడా. నేనే ఆ ప్రార్థనను సగంలో ఆపేశానన్నమాట.

తర్వాతి ఆదివారం నేను బయలుదేరితే ఈయనా చెప్పులు తొడుక్కుని వెంట వచ్చాడు. ఎవరి కోసం వచ్చాడో ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. అందరూ రొట్టె కోసం లేచారు. నేను లేవలేదు, కళ్ళు మూసుకుని మిగిలిన సగం మొదలుపెట్టాను, "ప్రభువా, నన్ను ముందు పిలువు" అని. అంతలో, నేను పోతే ఈయనకు రోజూ పొద్దున గుండె మాత్రలు ఎవరు గుర్తు చేస్తారని గుర్తొచ్చి, ఆమెన్ అనకుండానే కళ్ళు తెరిచేశాను.