గుమ్మం పక్క అడ్డాకు

చింతపల్లి దగ్గర మాస్టారుగా చేరిన కొత్తలో నేను అద్దెకున్న ఇంటి మామ్మ మీద నాకిప్పటికీ ఒక ఫిర్యాదు ఉంది.

మామిడికొత్త పండుగ అయ్యేదాకా ఆమె కాయ కొరకదు, నన్నూ కొరకనివ్వలేదు. పండుగనాడు కొండదేవుడికి, గెడ్డనీళ్లలో ఉండే తల్లికి, ఊరిదేవతకి వరసగా అడ్డాకులు వేసి, అన్నమూ మామిడిముక్కలూ పెట్టింది. చివరన గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర, ఇంకో ఆకు వేసింది.

"ఇది మీ యేసుబాబుకి. నువ్వు తింటావు, ఆయన పస్తుంటాడేటి?"

మాది తాతలనాటి నుంచీ చర్చికి వెళ్లే ఇల్లు. నాకు ఒళ్లు మండింది.

"లోకాన్ని చేసిన దేవుడికి చెప్పుల దగ్గరా మామ్మా చోటు?"

"సేత్తే సేసేడు. మా ఇంటికి మొన్న నీతోనే గదా వచ్చేడు. ముందొచ్చినోళ్లని లెగమంతే బాగుంటాదేటి?"

మరుసటేడు పక్క గదిలోకి అయ్యప్ప మాల వేసుకునే కండక్టరొకడు దిగాడు. గుమ్మం పక్క చోటు అయ్యప్పకు దక్కి, మా ప్రభువు లోపలికి జరిగాడు. జరిగింది ఒక్క ఆకే.

బదిలీ వచ్చినప్పుడు, జీపు ఎక్కబోతూ, మనసులో ఉన్నది అనేశాను.

"ఇక ఆ ఆకు వెయ్యక్కర్లేదులే మామ్మా."

నా పెట్టె జీపులోకి అందిస్తూ ఆమె నన్ను వింతగా చూసింది.

"అదేటి? బదిలీ నీకొచ్చింది గానీ, ఆయనకి రాలేదు గదా. ఆయనిక్కడే ఉంటాడు."

ఆయన్ని ఉంచుకుంది. నన్ను మాత్రం మాటవరసకైనా ఉండమనలేదు.