చాట్రాయి దారిలో రసాలు, ల్యాబ్‌లో మూలకణాలు

నన్ను నూజివీడు పంపింది మామిడిపండ్ల మీది ప్రేమ కాదు, మా ల్యాబ్‌లో నాతో పనిచేసే సునీత. మూలకణాలు ఒంట్లోని ఏ భాగంగానైనా మారగలవు కానీ, కడుపులోని బిడ్డకు తిండి అందించే మాయగా మాత్రం మామూలుగా మారలేవు. ఎలుక కణాలను ఒక మెట్టు వెనక్కి నడిపించి, ఆ శక్తి కూడా రప్పించాలన్నది మా ప్రయత్నం. చేసిన ప్రతిసారీ బోల్తాపడ్డాం. ఇదీ పోతే ప్రాజెక్టు ఆపేద్దామని మా సార్ చెప్పేశారు. ఆ కంగారులో నేను గంటకోసారి ఇంక్యుబేటర్ తలుపు తీసి చూస్తుంటే, "వేడంతా పోతోందే తల్లీ! ఎటైనా వెళ్ళిపో. రేపు ఫలితం తెలియగానే నేనే ఫోన్ చేస్తా" అని సునీత తరిమేసింది.

హైదరాబాదులో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి విజయవాడలో దిగాను. నూజివీడుకు బస్సులో గంటన్నర. అక్కడి నుంచి చాట్రాయి దారిలోని తోటకు రానూపోనూ ఆటో ఎనిమిది వందలు. "మంచి టైముకొచ్చారండీ, రసాలు ఇప్పుడే దిగుతున్నాయి" అన్నాడు డ్రైవరు.

తోట యజమానురాలు సుబ్బలక్ష్మిగారు ముద్దపప్పు, కొత్తావకాయతో అన్నం పెట్టి, పండ్లు మాగవేసిన గది చూపించారు. వరిగడ్డి కింద చిన్నరసాలు. వాసనకు ఆగలేక గడ్డిలో చెయ్యి పెట్టబోతే, చేతిమీద చిన్నగా ఒక్కటిచ్చారు.

"తియ్యకండమ్మా, సెగ పోద్ది. సాయంత్రం నేనే తీస్తాగా!"

సునీత ఇక్కడికీ వచ్చేసిందా అనిపించింది.

మూడింటికి ఫోన్ మోగింది. సునీత మాట్లాడటం లేదు, అరుస్తోంది. "వచ్చాయే! ఆకుపచ్చా ఉంది, ఎరుపూ ఉంది!" బిడ్డగా మారే కణాలకు ఆకుపచ్చ, మాయగా మారే వాటికి ఎరుపు రంగు పెట్టుకున్నాం. నేను చెట్ల మధ్య గెంతులేశాను.

"ఏమైందమ్మా?" అంటూ సుబ్బలక్ష్మిగారు పరుగెత్తుకొచ్చారు. చెప్పాను.

"అంటే బిడ్డా, మాయా రెండూ ఒకే దాంట్లోంచా?"

"అవునండీ, ఒకే దాంట్లోంచి!"

"మరింకా నిలబడతారేంటి, పదండి!" అంటూ సాయంత్రం దాకా ఆగకుండా ఆవిడే గడ్డి ఎత్తేశారు. రసం మోచేతుల దాకా కారింది.

కణాలు పెంచిన ఒక్క ప్లేటుతో పని తీరిపోదని తెలుసు. మళ్ళీ మళ్ళీ చేసి చూపాలి. కానీ ఒక దారి పట్టిన కణం ఇక అంతేనన్న వాళ్ళ ముందు, మా కణాలు వెనక్కి వచ్చి రెండు దారులూ పట్టాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గర్వంతో హాయిగా ఏడ్చాను.

మీరు వెళితే ఒక్క జాగ్రత్త: ఇంటికి తెచ్చుకోవడానికి సగం మాగిన పండ్లే అడగండి, మెత్తటివి దారిలో చితికిపోతాయి. నావన్నీ చితికాయి. మర్నాడు క్యాంటీన్‌లో ఆ గుజ్జునే గిన్నెలో వేసి అందరికీ పంచాను. ప్రాజెక్టు ఆపేద్దామన్న మా సార్ రెండోసారి కూడా వేయించుకున్నారు.