ఆనపబుర్ర నీళ్లు

మొన్న మనవరాలు గుణుపురం వెళ్లి, అక్కడి సంతలో ఎండబెట్టిన ఆనపబుర్ర ఒకటి కొనుక్కొచ్చి, రాయగడలో మా ముందుగదిలో టీవీ పక్కన అలంకారంగా పెట్టింది. "బాగుందా తాతా?" అని అడిగింది. బాగుందన్నాను. అది అటు వెళ్లాక నా కుర్చీని గోడవైపు తిప్పుకున్నాను. కొండమీద నీళ్లు పట్టుకునే ఆ బుర్రని చూస్తే ఈ వయసులోనూ నాకు సిగ్గేస్తుంది.

మా అక్క మొగుడు ఆ రోజుల్లో ఒరిస్సాలో ఎమ్మెల్యే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వంశధార ఒడ్డున వరి పండించుకునే కుటుంబం వాళ్లది. నేను వాళ్లింట్లోనే ఉండి ఆయన ఉపన్యాసాలు రాసిపెట్టేవాణ్ణి. బావ ఒడియా మాట్లాడతాడు గానీ చదవలేడు. అందుకని ఒడియా ఉపన్యాసాన్ని తెలుగక్షరాల్లో రాసిచ్చేవాణ్ణి. నౌపడా వెళ్లే చిన్న రైల్లో కుదుపులకి ఊగుతూ దాన్ని బట్టీ పట్టేవాడు. మనుషులంతా ఒక్కటే, ఎక్కువా తక్కువా లేదు అన్నది ఆయనకి ఇష్టమైన ముక్క. అసెంబ్లీలో ఆ ముక్క రాగానే బల్లలు చరిచేవారట. ఇంటికొచ్చి ఆ చరుపులు కూడా మాకు చేసి చూపించేవాడు.

ఆయన్ని గెలిపించింది కొండమీది సవర గిరిజనుల ఊళ్లు. అక్కడ ఒక పెద్దాయన మాటంటే మాటే. పనిమీద కొండ దిగి వచ్చినప్పుడల్లా ఆయన మా అరుగు కింద నిలబడేవాడు. అక్క చెంబు ఎత్తి ఆయన దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోసేది. బావ పడక్కుర్చీలోంచి లేవకుండానే "బాగున్నావేటి పెద్దయ్యా" అని పలకరించేవాడు. అందులో మా ఎవరికీ వింత కనపడలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. పెద్దాయన అవునంటే తప్ప బావ గెలవడు. నేనూ బావా ఎండలో కొండెక్కేసరికి నాలుకలు పిడచకట్టుకుపోయాయి. పెద్దాయన ఎదురొచ్చి మంచం వేయించాడు. అక్కడున్నవాళ్లు ఒకే ఆనపబుర్ర చేతులు మార్చుకుంటూ నీళ్లు తాగుతున్నారు. బావ కూడా చెయ్యి చాపాడు.

పెద్దాయన బుర్రని వెనక్కి తీసుకున్నాడు. "దోసిలి పట్టండి బాబూ. ఇది ముట్టుకుంటే తమరికి మైల గదా. తమరింటికాడ సూసేను."

వెక్కిరింత కాదు. మాకు మర్యాద చేస్తున్నాడు, అంతే. బావ ఊరందరి ముందూ వంగి దోసిలి పట్టాడు. నీళ్లు మోచేతుల మీంచి ఖద్దరు చొక్కాలోకి కారాయి. తర్వాత నేనూ పట్టాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఓట్లు పడ్డాయి, బావ గెలిచాడు. పెద్దాయన గుమ్మడికాయ పట్టుకుని చూడ్డానికొచ్చాడు. అక్క చెంబు తెస్తుంటే బావ ఆపి, తను తాగే కంచుగ్లాసులో తనే నీళ్లు తెచ్చాడు.

"ఇదేటి, నలుగురూ సూస్తే?" అంది అక్క.

"సూడనీ. పైకొచ్చి కూకో పెద్దయ్యా, తాగు."

పెద్దాయన ఆ గ్లాసు చూసి బెదిరిపోయాడు. "ఒద్దు బాబూ, అలవాటు నేదు," అని అరుగు కిందే వంగి దోసిలి పట్టాడు. ఆఖరికి బావ ఆ గ్లాసుతోనే పైనుంచి పోశాడు. ఆ తర్వాత ఏ ఉపన్యాసంలోనూ మనుషులంతా ఒక్కటే అన్న ముక్క రాయనివ్వలేదు.

బావ పోయాడు, పెద్దాయన పోయాడు, ఆ అరుగూ పోయింది. ఇన్నేళ్ల ఎండలకీ నా అరచేతుల్లో ఆ నీళ్ల తడి మాత్రం ఆరలేదు.