ప్లీడరుగారికి ఇనాం

ఫ్రెంచివాళ్ల హయాంలో నేను పుదుచ్చేరిలో పుష్‌బండి తోసేవాణ్ణి. ఎక్కినవాళ్లు ముందున్న పిడి తిప్పి దారి మళ్లించుకుంటే, వెనక నుంచి మేం తోసేవాళ్లం.

సెలవులకొచ్చిన ఒక మదరాసు ప్లీడరును వారమంతా ఊళ్లో తిప్పాను. రైలెక్కేటప్పుడు ఆనవాయితీగా ఇనాం అడిగాను.

"బండి నడిపింది నేను. నీకు ఇనామెందుకురా?" అన్నాడు, నా మొహమైనా చూడకుండా. ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

మరుసటేడు, దగ్గర్లోని వీరాంపట్టినం గుడి తేరు లాగేనాడు, ఆయన అత్తగారితో కలిసి నా బండే ఎక్కాడు. నన్ను గుర్తుపట్టలేదు. జనం కిక్కిరిసిన చోట చక్రాలు ఇసుకలో దిగబడగానే చేతులు తీసేశాను.

"తొయ్యరా!" అని అరిచాడు.

"నడిపేది తమరే అంటిరి గదా సామీ! యాడికి కావాలంటే ఆడికి నడుపుకోండి."

పిడి ఎంత తిప్పినా బండి కదల్లేదు. జనం ఒకటే నవ్వు. ఎండకు తాళలేక అత్తగారు తానే పిడి పట్టుకుని, "దిగి తొయ్యండి అల్లుడుగారూ!" అంది.

ఆయన పట్టుపంచె ఎగ్గట్టి తోస్తుంటే నేను చేతులు కట్టుకుని పక్కన నడిచాను. బండి గట్టినేల చేరాక ఆవిడతో అన్నాను:

"అమ్మగారూ, బాగా తోసినాడు. ఈయనకి ఇనాం ఇయ్యండి!"

పాపమంటుంది మా ఇంటిది. నాకు మాత్రం అది గుర్తొస్తే ఈనాటికీ అన్నం ఒక ముద్ద ఎక్కువే దిగుతుంది.