దాదాపీర్ పిండిసంచి

కొత్తచెరువు దాదాపీర్ ఎవరింటికి పోయినా తన పిండి తనే తీసుకుపోతాడు. ఎద్దులకు లాడాలు కొట్టే మనిషి గనుక ఒక భుజానికి సుత్తి, లాడాల మూట వేలాడుతుంటాయి. రెండో భుజానికి రాగిపిండి సంచి. వాకిట్లో నిలబడి, "సంగటి కెలుకు తల్లీ, పరాయి పిండి నాకు అరగదు" అంటాడు. సంచి నిండుగా లోపలికి పోతుంది, మడతపెట్టిన గుడ్డగా బయటికి వస్తుంది. అంత పిండీ ఒక్కడే తింటాడని జిల్లా అంతా నమ్మింది.

ఇది ఒట్టి తిండియావ అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కాని దాదాపీర్ కొత్తచెరువు ఫుట్‌బాల్ జట్టుకు పెద్ద. ఆటగాళ్ళను అతను ఏరేది మైదానంలో కాదు, పొయ్యి దగ్గర.

"సంగట్లో ఉండలుంటే ఆ ఇంటి పిల్లోడు బంతి ఎవురికీ ఇయ్యడు" అనేవాడు. "నున్నగుంటే పంచి ఆడతాడు."

"నువ్వు ఏరినోనికి ఇంకా మీసాలే రాలేదు గదప్పా?" అని ఊళ్ళోవాళ్ళు అడిగేవాళ్ళు.

"రానీలే. ఈ పొద్దు తిన్న సంగటి కాళ్ళల్లోకి దిగేకి పదేండ్లు పడతాది. నాకేం తొందర?"

జనం నవ్వేవాళ్ళు. అనంతపురంలోని పెద్ద క్లబ్బు సెక్రటరీ హనుమంతరాయుడికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. అవి పంతొమ్మిది వందల యాభైల చివరి రోజులు, జిల్లా కప్పు ఏటేటా కొత్తచెరువుకే పోతూ ఉంది. పెద్ద క్లబ్బుకు బెంగళూరు నుంచి తెచ్చుకున్న ఆటగాళ్ళున్నారు, బూట్లున్నాయి, మధ్యలో తాగడానికి గోలీసోడాలున్నాయి. ఏడాదికొకసారి అందరూ కొత్త ముఖాలే. ఒకరి పేరు ఒకరికి తెలిసేలోగా పోటీలు అయిపోయేవి.

హనుమంతరాయుడు దాదాపీర్ కప్పును చూసి కుళ్ళుకునేవాడు. గోలు కొట్టిన పిల్లలు "మామా" అంటూ అతని మీదికి దూకడం చూసి కుళ్ళుకునేవాడు. చివరికి అతని త్రేన్పు విని కూడా కుళ్ళుకునేవాడు. తన ఆటగాళ్ళు తనను "సార్" అని పిలిచేవాళ్ళు, అదీ బస్సు టికెట్టు అడిగేటప్పుడు.

ఒకరోజు క్లబ్బు ప్రెసిడెంటు రామదాసు అతన్ని పిలిపించాడు. "ఏమప్పా, ఈసారీ కప్పు రాకుంటే సెక్రటరీ కుర్చీ ఇంగొకరికి పోతాది. ఆ లాడాలోడు చేసేది నువ్వు చేయలేవా?"

"చేస్తా సార్. ఏముండాది ఆడ? తినడమే గదా."

క్లబ్బు కమిటీ తినడానికి బయలుదేరింది. సంగట్లో ఉండలు వెతుకుతూ ఇల్లిల్లూ తిరిగి, కోడికూర పెట్టిన ఇంటి దగ్గర వెతకడం మానేసింది. ఆ ఇంటి నుంచి వచ్చిన గోల్‌కీపరు, బంతి వస్తే వంగలేకపోయాడు.

ఇక తనే పోవాలనుకున్నాడు హనుమంతరాయుడు. తనకల్లులో ముత్యాలప్ప అనే పిల్లవాడు ఎడమకాలితో గొప్పగా కొడతాడని విన్నాడు. దాదాపీర్ చేర్చుకోకముందే వాణ్ణి లాక్కుంటే కుర్చీ దక్కుతుంది. ఆ ఏడు వానలు లేవు. దారిపొడుగునా చేలల్లో వేరుశనగ మొలిచినచోటే మాడిపోయి ఉంది.

ముత్యాలప్ప తల్లి అంజనమ్మ చాప పరిచింది.

"సంగటి కెలుకు తల్లీ" అన్నాడు, అచ్చం దాదాపీర్ గొంతుతో.

అంజనమ్మ అతని రెండు భుజాలూ చూసింది. వెనకేమన్నా పెట్టుకున్నాడేమోనని పక్కకు ఒరిగి కూడా చూసింది.

"పిండేదన్నా?"

"నేను తెచ్చేదేందమ్మా? మీ ఇంట్లోదే."

"మా ఇంట్లో ఉంటే నీకు పెట్టనా? దాదాపీరన్న సంచి తెస్తాడు గదా."

"అదంతా ఆయనే తింటాడంట గదా?"

అంజనమ్మకు నవ్వొచ్చింది. "తినేది ఒక ముద్ద, అదీ చిన్నది. మిగిలింది మోసుకపోతే భుజం పట్టేస్తాదని మా కుండలోనే కుమ్మరించి పోతాడు. వానలు పోయినకాడ్నుంచీ ఆయన భుజం బాగలేదు పాపం."

"మరి ఉండలు?"

"కట్టెలు చాలక ఉండలు కట్టినా నున్నగుండాదనే అంటాడు." చెప్పులు తొడుక్కుంటున్న అతన్ని చూసి, "మావాని కోసరం వచ్చినావా అన్నా? వాడు దాదాపీర్ మామ జట్టుకే పోతాడు. ఏమనుకోవద్దు" అంది.

బస్సు కోసం ఎండలో నిలబడ్డ హనుమంతరాయుడికి లోపల ఇంకా ఎక్కువగా మండింది. ఇన్నాళ్ళూ ఆ మనిషి కప్పును చూసి ఏడ్చాడు. ఏడవవలసింది సంచిని చూసి. ఇంత పని చేస్తూ తిండిపోతు పేరు మోయడం తనకెందుకు తోచలేదు?

కొన్నాళ్ళకు శింగనమలలో ఒక ఇంటి వాకిట్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. దాదాపీర్ అతని భుజం వైపు చూశాడు.

"ఏమప్పా, నీకూ పరాయి పిండి అరగదా?"

"అరగదు. నీ సంచికన్నా నాది పెద్దది, చూసుకో."

"ఈ ఇంటి పిల్లోడు నిన్న మొన్న నడక నేర్చినాడు. వాడు ఆడేవరకు నీ కుర్చీ ఉంటాదా?"

"కుర్చీ పోతే పోనీ. సంచి నాదే గదా."

దాదాపీర్ ఆ సంచిని ఒక చేత్తో ఎత్తి చూశాడు. లేవలేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. అతని ముఖంలో మొట్టమొదటిసారి అసూయ కనిపించింది. హనుమంతరాయుడికి కప్పు గెలిచినంత హాయిగా అనిపించింది.

మరుసటి సంతకు దాదాపీర్ సుత్తి ఎద్దుల కొట్టంలోనే వదిలేసి, రెండు భుజాలకూ పిండిసంచులే తగిలించుకుని బయలుదేరాడని తెలిసింది. ఇప్పుడు జిల్లాలో తిండిపోతులు ఇద్దరు.