మైకు వెనక పెదాలు

అతన్ని మిల్లంతా మడతలాయన అనేవారు. నేసిన బట్టను కొలిచి మడతపెట్టే గది మగ్గాల షెడ్డుకి దూరం, కాబట్టి యాభై దగ్గరపడ్డా అతని చెవులు నిక్షేపంలా ఉండేవి. షెడ్డులో నేసే అక్కకీ బావకీ ఆ భాగ్యం లేదు. వందల మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడే చోట పదేళ్ళు నిలబడితే చెవులు మగ్గాలకే అంకితం. నేతగాళ్ళు పెదాలు చూసి మాట్లాడుకునేవారు. షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకి చప్పుడు లేకుండా తిట్టుకునేవారు, నవ్వుకునేవారు. అందులో బావ ఘనుడు.

"మీ గదిలో అబద్ధాలు చెవిలో చెప్పుకోవచ్చు బావమరిదీ. మా దగ్గర అదీ ముఖం మీదే చెప్పాలి," అనేవాడు.

కొత్త యంత్రాలొచ్చాయి. రెండు మగ్గాలు చూసే మనిషిని నాలుగు చూడమన్నారు. మిగిలినవాళ్ళని ఇంటికి పొమ్మన్నారు. సమ్మె నలభయ్యో రోజున గేటు దాకా ఊరేగింపు. వరసలు సర్దే పని మడతలాయనకి అప్పగించారు. మిల్లులో నీళ్ళ కుళాయి దగ్గరైనా సరే, సర్వీసు ఎక్కువున్నవాళ్ళదే ముందు వంతు. అతనూ అదే పాటించి, పాత నేతగాళ్ళని మొదటి వరసలో నిలబెట్టాడు.

అక్క అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "మీ బావకి మోకాళ్ళు బాలేవురా. మధ్యలో పెట్టు."

"పెద్దవాళ్ళ మీద ఎవడు చెయ్యెత్తుతాడక్కా? బావ ముందు నడిస్తే పెళ్ళి ఊరేగింపంత కళ."

"అయితే పెళ్ళికూతుర్ని మార్చండి," అన్నాడు బావ, పెదాలతోనే. అక్క అతని నెత్తిన మొట్టి, వెనకనున్న ఆడవాళ్ళ వరసలోకి వెళ్ళిపోయింది.

గేటు ముందు తుపాకులున్నాయి. వెళ్ళిపొమ్మని, లేకపోతే కాలుస్తామని పోలీసు అధికారి మైకులో మూడుసార్లు హెచ్చరించాడు. వెనకనున్న అద్దకంవాళ్ళూ, మూటలు మోసేవాళ్ళూ విని చెదిరిపోయారు. ఆ తోపులాటలో ఆడవాళ్ళూ కొట్టుకుపోయారు. ముందు వరస కదల్లేదు. అధికారి నోటిని మైకు కప్పేసింది. చదువుకోవడానికి వాళ్ళకి పెదాలే కనబడలేదు.

వాళ్ళకి వినబడలేదని పక్కన నిలబడ్డ మడతలాయనకి మొదటిసారే తెలిసిపోయింది. అరిచి లాభం లేదు. పది అడుగులు వేసి, తుపాకులకి వీపు పెట్టి, వాళ్ళకి తన ముఖం చూపించాలి. ఉత్త బెదిరింపేలే అనుకున్నాడు. రెండోసారికి అతని కాళ్ళు కదిలాయి. వెనక్కి.

బావతో కలిపి అయిదుగురు పోయారు.

విచారణ పెట్టారు. అక్కని సాక్ష్యానికి పిలవలేదు, అతన్ని పిలిచారు. ముందురోజు అక్క ఒకటే అడిగింది. "మొండికేసి మీదకొచ్చారని రాసుకుంటున్నార్రా. మీ బావ మొండికేసి చావలేదు. చెవుల సంగతి చెప్పు, మైకు సంగతి చెప్పు. ఇంకేమీ అడగను."

గదిలో ఆమె పక్కబల్ల మీద కూర్చుంది, అతని నోరు కనబడేలా.

"హెచ్చరించారా, లేదా?" అన్నాడు విచారణాధికారి.

"హెచ్చరించారండీ. కానీ..."

"నువ్వు విన్నావా?"

"విన్నానండీ."

"మరి నువ్వు విన్నావు, వాళ్ళు వినలేదంటావా?"

వాళ్ళు చెవిటివాళ్ళండీ అంటే చాలు. అంటే తరవాతి ప్రశ్న ఒకటే ఉంటుంది: నువ్వెందుకు చెప్పలేదు? ఆ ప్రశ్న అతనికి గది మధ్యలో నిలబడ్డట్టే కనబడింది. అతను నోరు మెదపలేదు. అక్క చూస్తూనే ఉంది. మెదపని నోటిని కూడా చదవగలదు ఆవిడ.

హెచ్చరికను లెక్కచేయక ఎదురుతిరిగిన గుంపు అని నివేదికలో రాశారు.

తరవాత పంతొమ్మిదేళ్ళు ఇద్దరూ ఒకే వరస ఇళ్ళలో బతికారు. అతను మాట్లాడబోతే అక్క ముఖం తిప్పేసుకునేది. ఆమె వేరే తలుపులు మూయనక్కర్లేదు. అతను మడత గది మానేసి, మగ్గాల షెడ్డులో పని అడిగి పుచ్చుకున్నాడు. పిచ్చెక్కిందన్నారు. రిటైరయ్యేనాటికి అతని చెవులూ పోయాయి.

అక్క మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ముఖం తిప్పుకోలేదు, తిప్పుకునే ఓపిక లేదు. విన్నాననీ, భయపడ్డాననీ, పది అడుగులు వేయలేదనీ పెదాలతో చెప్పాడు.

ఆమె చివరిదాకా చదివింది. "అది నాకెప్పుడో తెలుసు," అంది. "చెప్పాల్సింది అక్కడ, ఆ విచారణలోరా."

కళ్ళు మూసుకుంది. అతను చాలాసేపు పెదాలు కదుపుతూనే ఉన్నాడు.