పడకింటి గోడ నల్లబడిన ఏడు

నందికొట్కూరులో మేం బాడుగకు దిగిన ఇంట్లో పడకింటి గోడకు చెమ్మ ఉందంటే ఎవరూ నమ్మలేదు. "ఈ ఊర్లో తాగనీకే నీళ్ళు లేవు, నీ గోడకు యాడ్నుంచి వచ్చినాయమ్మే?" అని పక్కింటామె నవ్వింది. నేనూ నవ్వినాను. అప్పటికి బీరువా వెనక అరచేయంత నల్లమచ్చే కనపడింది.

తడిగుడ్డతో తుడిచేశాను. పది రోజుల్లో మళ్ళీ వచ్చింది. సున్నం కొట్టించాం. సున్నం కిందనుంచే నల్లగా ఉబ్బి, పొరలుగా ఊడి మంచం మీద రాలేది. గదిలో తడిసి మగ్గిన గోనెసంచి వాసన. మా ఆయన పెళ్ళిచొక్కాకీ, పాప ఒకటో తరగతి పుస్తకాలకీ బూజు పట్టింది.

పాపకు దగ్గు మొదలైంది. రొంప అనుకున్నాం. తర్వాత పడుకుంటే చాలు, గొంతులో పిల్లికూతలు. కర్నూలులో పిల్లల డాక్టరు వీపు మీద స్టెత్తు పెట్టి విని, "ఇంట్లో చెమ్మగోడ ఏమన్నా ఉందామ్మా?" అని అడిగాడు. ఉందన్నాను. "మందులు నేనిస్తా. గోడ బాగు చేసుకోవాల్సింది మీరే" అన్నాడు.

ఓనరమ్మ పైభాగంలో ఉండేది. పక్షవాతంతో మంచాన పడ్డ భర్తకు అన్నీ ఆమే చేసుకోవాలి. ఎన్నిసార్లు మెట్లెక్కి చెప్పినా ఒకటే మాట. "బీరువా గోడకు ఆనిచ్చినావు, గాలాడక అట్లయితాంది. మా కట్టుబడిలో చెమ్మ యాడిది?" ఇంకో ఇంటి కోసం తిరుగుతూనే ఉన్నాం. దొరకలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు తిక్క రేగింది. కొబ్బరిచీపురు తీసుకుని ఆ గోడను బరబరా రుద్దేశాను. నల్లటి పొడి పొగలా లేచింది. పాప గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను చూసుకోలేదు. అరగంటకల్లా దాని పెదాలు నీలంగా మారాయి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. "అమ్మా, గాలి రాల్యా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు. ఆటోలో మా ఆయన పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, డ్రైవరును "పోనీప్పా, ఇంకా జోరుగా పోనీ" అని బతిమాలుతూనే ఉన్నాడు. మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. పొడిగా రుద్దితే ఆ బూజు గాల్లోకి లేస్తుందనీ, అది పాప ఊపిరితిత్తుల్లోకి పోయిందనీ నర్సమ్మ చెప్పింది. జబ్బు గోడదే. దాన్ని పాప ఊపిరిలోకి లేపింది మాత్రం నా చెయ్యి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే ఓనరమ్మ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. మోకాళ్ళ నొప్పులని గొణుగుతూ వచ్చింది. ఆమె అరచేతిని గోడకు ఆనించాను. తడి అంటింది. ఆమె చెయ్యి తీసుకోలేదు. అట్లే మంచం మీద కూర్చుంది.

"మేం పైకి పోయింది దీనికేనమ్మా" అంది, నా మొహం చూడకుండా. "ఆయనకు కూడా ఈడ ఉన్నప్పుడు దగ్గే."

తెలిసే మాకు బాడుగకిచ్చింది. తెలిసే, నా బీరువాను తప్పు పట్టింది.

మర్నాడు తనే బేల్దారి మేస్త్రీని పిలిపించింది. అతను గోడను నాలుగు చోట్ల తట్టి, ఒక చోట గడ్డపారతో పెళ్ళగించాడు. లోపలి ఇటుక చేత్తో నలిపితే పిండయింది. "పైన బాత్రూము పైపు గోడలోనే పగిలింది పెద్దమ్మా. పైనంతా తవ్వి తీయాల. నెల పడుతుంది."

"నెలంతా ఆయన్ను యాడికి తీసుకపోయి కడిగేది నాయనా?" అందామె. "పైపైన సిమెంటు పూసి పో."

అతను నా వంక చూశాడు. నేను పాప వంక చూశాను. నెబులైజర్ మాస్కు మొహానికి పెట్టుకుని మిషన్ శబ్దం వింటూ కూర్చుంది. ఆ ముసలామె కష్టం నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు ఆమె మీద జాలి పడలేకపోయాను.

ఆ వారంలోనే ఊరి చివర రేకుల ఇంట్లోకి మారిపోయాం. ఎండకు నిప్పుల గుండం, కానీ గోడలు పొడి. పరుపు కాల్చేశాం, పుస్తకాలు మళ్ళీ కొన్నాం. పాపకు పిల్లికూతలు తగ్గాయి. పూర్తిగా పోలేదు. చలికాలమొస్తే బడిసంచిలో మందు పీల్చే పంపు పెట్టుకునే పోతుంది.

రెండు నెలలకు ఆ వీధిలో పోతుంటే పాత ఇంటిముందు కొత్తవాళ్ళు సామాను దించుతున్నారు. నిండు గర్భిణి ఒకామె గుమ్మంలో ముగ్గు వేస్తోంది. ఆగి, అంతా చెప్పాను. పైనుంచి ఓనరమ్మ అరిచింది: "మా బాడుగోళ్ళను చెడగొడతాండావా?"

గర్భిణి భర్త లోపలికి పోయి గోడ చూసి వచ్చాడు. "కొత్త సిమెంటు పూసినారు గదక్కా, బాగానే ఉండాది" అన్నాడు.

వాళ్ళు సామాను దించుకున్నారు. నేను ఎండలో కాసేపు నిలబడి, వచ్చేశాను.